అడ్డ స్ప్రింగు గెలిచిన ఆదివారం

పోయిన వారం బ్రిక్‌ఫీల్డ్స్‌లో గుడి ముందు నుంచి నడిచి వెళ్తుంటే నా పక్కనే ఒక కొత్త కారు కదిలింది. చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు ఒక్కసారిగా పగిలాయి. తడి చప్పుడు, తారు మీద చిమ్మిన రసం, వెంటనే ముక్కుకు తగిలిన పుల్లటి వాసన. కారు కొన్న దంపతులు నవ్వుతూ చేతులు జోడించారు. నేను మాత్రం పక్కనున్న గోడ పట్టుకుని నిలబడిపోయాను. మా తాతలు తోటకూలీలుగా వచ్చిన ఈ దేశంలో మనవాళ్ళు కారు కొన్న ప్రతిచోటా జరిగే తంతే అది. నా వ్యాసాల్లో దాన్ని ఎన్నోసార్లు ఉతికి ఆరేశాను. ఆ వాసనకు నాకు రావలసింది కోపం. వచ్చింది వణుకు. ఆ వణుకు ఎక్కడిదో చెప్పాలంటే సూరి మాస్టారి గురించి చెప్పాలి.

అప్పలసూరి మాస్టారు సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో, చెట్లకు గాటు పెట్టి పాలు పట్టే కూలీల ఇంట్లో పుట్టారు. చదువుకుని హైస్కూలులో సైన్సు మాస్టారయ్యారు. రిటైరయ్యాక కౌలా సెలంగోర్ దగ్గర కొంచెం పామాయిలు తోట, ఒక రేకుల షెడ్డు చూసుకుని స్థిరపడ్డారు. ఇవన్నీ పైపై సంగతులు. నాకు తెలిసిన మాస్టారు ఆదివారం ఉదయాలు బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఒక టైలరు దుకాణం మేడమీది గదిలో ఉండేవారు. అక్కడ మా చర్చా సభ జరిగేది. మూఢనమ్మకాల మీద, కులం మీద, ఆడపిల్లల చదువు మీద ఒక తీర్మానం పెట్టడం, ఒకరు అటు ఒకరు ఇటు నిలబడి వాదించడం, చివరికి చేతులెత్తించడం. ఎటువైపు ఎక్కువ చేతులు లేస్తే అదే సభ నిర్ణయం. దాన్ని అందరూ తమ ఇళ్ళలో పాటించాలి. పెళ్ళి భోజనాల్లో కులం అడక్కూడదన్నది అలాగే నిర్ణయించాం. కూతురు తండ్రికి కొరివి పెట్టవచ్చన్నదీ అలాగే. అరిచి గోలచేసే పెద్దమనుషుల మధ్య పెరిగినవాళ్ళం మేము. మాటతో తేల్చుకోవడం, ఓడినవాడు గెలిచినవాడి మాట వినడం, మాకు అంతకు మించిన నాగరికత కనబడలేదు.

నేను ఆ గదిలోకి మొదటిసారి వెళ్ళింది జాతకం పట్టుకుని. నేను చేసుకోవాలనుకున్న మనిషి నక్షత్రం నా నక్షత్రానికి పడదని మా మేనమామలు పట్టుబట్టారు. మాస్టారు జాతకం చూడనేలేదు. నన్ను నిలబెట్టి, "నువ్వు మీ మామ పచ్చాన మాటాడు. జాతకం నిజవేనని నన్ను ఒప్పించు" అన్నారు.

"నేను నమ్మనిది నేనెలా చెప్పను మాస్టారూ?"

"నమ్మక్కర్నేదమ్మా, గెలు. ఆళ్ళ కత్తి ఎక్కడ పదునో తెలీకపోతే ఎలాగ తప్పించుకుంటావు లా?"

మాట చివర 'లా' అనడం ఈ దేశంలో మాకందరికీ అంటుకున్న అలవాటు. ఆ మధ్యాహ్నమంతా మా మామల తరఫున వాదించాను. సాయంత్రానికి వాళ్ళ వాదనలో చిల్లు ఎక్కడుందో నాకే కనిపించింది. పెళ్ళి జరిగింది. ఈ రోజు నేను వేదికల మీద మాట్లాడుతున్నా, వ్యాసాలు రాస్తున్నా, ఆ మధ్యాహ్నం పెట్టిన భిక్షే. పొట్టకూటికి నేను చేసేది ప్రమాదాల్లో దెబ్బతిన్న కార్లను పరిశీలించే పని. వంగిన ఇనుము ఏ దెబ్బకు వంగిందో చూసి చెప్పాలి. ఆ సంగతి తర్వాత వస్తుంది.

కారు పిచ్చి మాస్టారికి యవ్వనం నుంచీ ఉంది. ఇపోలో పాత పుస్తకాలమ్మే బండి మీద దొరికిన అమెరికా పత్రికలు చూసి పట్టుకున్న పిచ్చి. అక్కడి కుర్రాళ్ళు చవగ్గా దొరికే పాతకార్లను కొని, పై కప్పు కోసి, కిందికి దించి, లోపల పెద్ద ఇంజను బిగించి పరుగెత్తించేవారట. వాటిని హాట్ రాడ్‌లు అంటారు. మాస్టారు పుట్టిన తోటలో దొర కారొకటి షెడ్డులో తుప్పు పట్టి పడుంది. తోట చేతులు మారినప్పుడు పాత ఇనుములో పోతుంటే ఆయన తెచ్చుకున్నారు. ఎందుకని అడిగితే, "ఈ కారొస్తే మా అయ్య కాలవలోకి దిగి, తలగుడ్డ తీసి నిలబడీవోడు. ఇప్పుడు నేను దీని టాపు కోసి పారేస్తాను" అన్నారు. ఆ మాటకు నాకు ఒళ్ళు పులకరించింది. మా ఉద్యమానికి ఇంతకన్నా మంచి బొమ్మ ఏముంటుంది?

అందుకే, వెనక ఇరుసు దగ్గరికి వచ్చేసరికి ఆయన నోట వచ్చిన మాట విని తెల్లబోయాను. ఆ కారుకు వెనక ఒకే ఒక్క పట్టీల స్ప్రింగు. ఇరుసు పైన అడ్డంగా, విల్లులా వంగి ఉంటుంది. దాన్ని ఉంచాలా, తీసేసి ఈ కాలపు పద్ధతిలో చుట్ట స్ప్రింగులు పెట్టాలా అన్నది ప్రశ్న. మాస్టారు ఆ తుప్పు విల్లును చేత్తో నిమిరి, "ఇది ఉండాల్సిందే. అదే సంప్రదాయం" అన్నారు.

సంప్రదాయమట! జీవితమంతా ఆ మాటను గొంతు పట్టుకుని నిలదీసిన మనిషి! నేను నోరు తెరిచేలోపు ఆయన భార్య పైడమ్మత్త కాఫీ గ్లాసులతో షెడ్డులోకి వచ్చింది. ఆవిడ నిత్యం గుడికి వెళ్ళే మనిషి. ఆ ఇంట్లో దేవుడి గది ఆవిడది, పుస్తకాల గది ఆయనది. నలభై ఏళ్ళ కాపురంలో ఇద్దరూ ఒకరి గదిలోకి ఒకరు రాలేదు, ఒకరినొకరు వెక్కిరించుకోవడం మానలేదు.

"ఏటయ్యా, నా సంప్రదాయమేమో మూఢనమ్మకం, నీ సంప్రదాయమేమో స్ప్రింగా?" అంది.

"నీది కనపడదే పైడీ. నాది కనపడతాది, సూడు" అన్నారాయన.

"కనపడితే సాలా? కూకుంటే నడ్డి ఇరగకుండా ఉండాల గాని."

ముగ్గురం నవ్వాం. నవ్వుల్లోనే మాస్టారు, "తగువెందుకు, సభలో తేల్చుకుందాం" అన్నారు. ఆ క్షణాన అది మాకు ఎంత సహజంగా తోచిందో ఇప్పుడు తలుచుకుంటే నాకు నమ్మశక్యం కాదు. ఒక ఇనుప ఇరుసు ఎలా బిగించాలన్నది ఒక గదినిండా మనుషుల చేత చేతులెత్తించి తేల్చబోయాం. పూజారిని అడిగేవాడు ఈ తప్పు చెయ్యడు, మెకానిక్కు అసలే చెయ్యడు. ఇది మాలాంటివాళ్ళు మాత్రమే చెయ్యగల తప్పు.

తీర్మానం: 'ఈ కారుకు అడ్డ స్ప్రింగే ఉండాలి.' అనుకూలంగా మాస్టారు, వ్యతిరేకంగా నేను. సభ కార్యదర్శి గోవిందు అధ్యక్షత. గోవిందు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, మాస్టారంటే ప్రాణం పెట్టేవాడు. గది కిటకిటలాడింది. నేను ముందు మాట్లాడాను. కుదుపుల గురించి చెప్పాను, మలుపులో కారు ఒరగడం గురించి చెప్పాను. చివర్లో ఒక ముక్క చెప్పాను. పాత కారులో గేర్‌బాక్సు నుంచి ఇరుసుదాకా లావుపాటి గొట్టం ఒకటుండేది, దాని లోపలే షాఫ్టు తిరిగేది. చక్రాలను ఇంజను ఒకవైపు తిప్పితే ఇరుసు తొడుగు రెండోవైపు మెలితిరగబోతుంది. దాన్ని తిరగనివ్వకుండా పట్టుకున్నది ఆ గొట్టమే. మాస్టారు జపాన్ లారీ ఇంజను, గేర్‌బాక్సు పెడుతున్నారు కాబట్టి ఆ గొట్టం తీసేశారు. మిగిలినవి రెండు సన్నటి కడ్డీలు. "మరి ఇరుసును ఇప్పుడు పట్టుకునేదెవరు?" అని అడిగి కూర్చున్నాను.

మాస్టారు లేచారు. కాసేపు ఏమీ మాట్లాడకుండా సభను చూశారు. ఆ మౌనం కూడా ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

"పట్టుకునేదెవరని అడుగుతంది రత్నం! భూమిని పట్టుకునేదెవరని అడిగినోళ్ళకి ఆదిశేషుణ్ణి సూపించినారు మనోళ్ళు. ఈ ఇరుసు కింద కూడా ఒక పావుని పెట్టమంటావేటమ్మా?"

గది ఘొల్లున నవ్వింది. గోవిందు బల్ల మీద గుద్ది గుద్ది నవ్వాడు. తర్వాత మాస్టారు ఆ విల్లు అందం గురించి, దొర కారుతో, దొర స్ప్రింగుతోనే దొరను ఓడించడం గురించి, వెనకనుంచి చూసేవాడికి మన పని దాపరికం లేకుండా కనిపించాలన్న నీతి గురించి మాట్లాడారు. ఎంత గొప్పగా మాట్లాడారంటే, చెప్పడానికి నాకు నోరు రావడం లేదు గాని, ఆయన ముగించేసరికి నేను కూడా ఒప్పుకున్నాను. రోజూ వంగిన ఇనుము చూసే నేను! చేతులు లేచాయి. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

కారు తయారైంది. రోడ్డు ఎక్కించాలంటే అధికారుల అనుమతులు కావాలి కనుక, ముందు ఆయన పామాయిలు తోటలోని మట్టిదారిలో నడిపి చూపిస్తానన్నారు. ఉదయం ఎండ ఇంకా ఎక్కలేదు. సభవాళ్ళం వచ్చాం, చుట్టుపక్కల వాళ్ళు వచ్చారు. కప్పు లేని నల్లటి కారు, వెనక ఎర్రరంగు వేసిన ఆ అడ్డ స్ప్రింగు. అందంగా ఉంది, కాదనను. పైడమ్మత్త కొంగులో నిమ్మకాయలు తెచ్చి చక్రాల ముందు పెట్టింది. మాస్టారు వంగి ఒక్కొక్కటే ఏరి నా చేతిలో పెట్టారు.

"రత్నం, పానకం కలిపించమ్మా. తిరిగొచ్చి తాగుతాం."

"నీ నోటికి అడ్డూ ఆపూ నేదు" అంది పైడమ్మత్త. అంటూనే చీర సర్దుకుని ఆయన పక్కన ఎక్కి కూర్చుంది. నాకు బాగా గుర్తు, ఎక్కుతూ ఆయన భుజం పట్టుకుంది.

మాస్టారు మా వైపు చూసి నవ్వి, యాక్సిలరేటరు గట్టిగా తొక్కారు. జనం ముందు మెల్లగా బయల్దేరే మనిషి కాదాయన. వెనక చక్రాలు మట్టి చిమ్మాయి, దుమ్ము లేచి కారు ముందున్న దారి మాకు కనబడలేదు. కారు వెనకభాగం ఒక్కసారి పైకి లేచినట్టయింది. ఠంగున ఒక శబ్దం, ఆ వెంటనే ఇనుము నేలను తవ్విన చప్పుడు. కారు ఉన్నచోటనే తిరిగి, చెట్ల వరుస పక్కనున్న మురుగు కాలవలోకి ఒరిగిపోయింది. పైడమ్మత్త గొంతు విని పరుగెత్తాం. "సెయ్యి, సెయ్యి" అంటోంది. ఆవిడ కుడిచెయ్యి మోచేతి కింద ఉండకూడని చోట వంగి ఉంది. మాస్టారి నుదుటి మీంచి రక్తం కారుతోంది. ఆయన తనను తాను చూసుకోవడం లేదు. ఆవిడ చేతినే చూస్తున్నారు.

వాళ్ళను ఆసుపత్రికి పంపాక నేను కాలవలోకి దిగి కారు కింద చూశాను. సన్నటి కడ్డీలు రెండూ వంగిపోయాయి. ఇరుసు మెలితిరిగింది. దాంతో షాఫ్టు ముందు కొస ఊడి నేలలో గుచ్చుకుంది. నేను అడిగిన ఆ ఒక్క ప్రశ్నకు జవాబు మట్టిలో అంత స్పష్టంగా పడుంది. పైన గట్టు మీద మాటలు వినబడుతున్నాయి. "నిమ్మకాయలు తీసీసినాడు కదా, సూసినావా?" "అమ్మవారితో ఆటలా లా?" నా చేతిలో ఇంకా ఆ నిమ్మకాయలే ఉన్నాయని అప్పుడు గమనించాను.

ఆసుపత్రి వరండాలో గోవిందు నన్ను, మాస్టారిని ఒక మూలకు తీసుకెళ్ళాడు. అతని మొహం పాలిపోయి ఉంది.

"మాస్టారూ, అడివి పంది అడ్డొచ్చినాదని సెబుదాం. తప్పించబోయి కాలవలో పడినారు. పామాయిలు తోటలో పందులు మామూలే, ఆ దుమ్ములో ముందేటొచ్చినాదో ఎవరికీ కనపడనేదు. రత్నం కారు చూసింది, ఆ మాటే తనూ అంటే సాలు."

మాస్టారి చూపు పైడమ్మత్త ఉన్న గది తలుపు మీదే ఉంది. గోవిందు ఆగలేదు.

"ఇది మీ ఒక్కరి పరువు కాదు. ఇన్నేళ్ళ సభ పరువు. ఆళ్ళు ఈ నిమ్మకాయల కథ ఇంటింటికీ మోసుకుపోతారు. మన పిల్లలు కూడా మళ్ళా తాయెత్తులు కట్టుకుంటారు. ఒక్క అబద్ధం, అంతే. మంచికే కదా మాస్టారూ?"

గోవిందు మోసగాడు కాదు. అతను చెప్పిన నష్టం నిజం. నేను మాస్టారి మొహంలోకి చూశాను. సరేనంటారేమోనని భయం, వద్దంటారేమోనని ఇంకో భయం. ఆ రెండో భయం నాలో ఉన్నందుకు నివ్వెరపోయాను. అంతలో తలుపు అవతల మంచం మీంచి పైడమ్మత్త పలికింది. చేతికి కట్టు కడుతున్నారు, గొంతు నీరసంగా ఉంది గాని మాట మాత్రం పదునుగానే ఉంది.

"గోవిందూ, పంది నేదు ఏటీ నేదు. ఆ నిమ్మకాయలకి నట్టులు బిగించడం రాదు. ఈయనకి వచ్చు. బిగించినోణ్ణే అడగండి."

మాస్టారు లోపలికి వెళ్ళి ఆవిడ మంచం పక్కన కూర్చున్నారు.

తర్వాతి ఆదివారం మేడమీద నిలబడడానికి చోటు లేదు. ఎన్నడూ మెట్లెక్కనివాళ్ళు కూడా వచ్చారు. కింద వీధిలోని పూలకొట్టాయన చేతులు కట్టుకుని గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డాడు. గోవిందు నా పక్కన కూర్చుని, "పందని అంటారు, చూడు, అంటారు" అని గొణుగుతున్నాడు. మాస్టారు లేచారు. నుదుటి మీద కట్టు. ఈసారి మౌనంతో సభను ఊరించలేదు. నేరుగా మొదలుపెట్టారు.

"మా ఆవిడ సెయ్యి ఇరిచింది నేను. పంది కాదు, అమ్మవారు కాదు. కడ్డీలు సాలవని రత్నం ఈ గదిలోనే అడిగింది. నా దగ్గిర జవాబు నేదు. జవాబు నేనప్పుడు నేనేటి సేసినాను? పరాచికమాడినాను. మీరు నవ్వినారు. నేను గెలిచినాను. గెలిస్తే నిజవైపోద్దనుకున్నాను."

గుమ్మంలోంచి పూలకొట్టాయన, "మరి నిమ్మకాయలు పెడితే పోయీది కదా మాస్టారూ?" అన్నాడు. కొందరు కిసుక్కుమన్నారు.

"పెట్టినా ఆ కడ్డీలు వంగీవే బాబూ. అది నిజం. కానీ ఆ నిజాన్ని మీ మీదికి ఇసిరే మొగం నాకు ఇయ్యాళ నేదు. మీరు సూడకుండా నమ్మీవోళ్ళని ఇన్నేళ్ళూ ఎక్కిరించినాను. నేను సూడకుండా మాటాడినాను. మీ నిమ్మకాయ ఎవరి సెయ్యీ ఇరగ్గొట్టనేదు. నా మాట ఇరగ్గొట్టింది."

గదిలో ఎవరూ నవ్వలేదు. సొంత సభలో, ఎదుటిపక్షం వినేలా, మాకు వ్యతిరేకంగా రేపు ఊరంతా వాడుకోబోయే మాటలు ఆయనే స్వయంగా అందిస్తున్నారు. గోవిందు లేచి, "మాస్టారూ, మీరు మమ్మల్ని ముంచేసినారు" అని గట్టిగా అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అతని వెనక ఇంకొందరు వెళ్ళారు. మాస్టారు వాళ్ళను ఆపలేదు. వెళ్ళేవాళ్ళంతా వెళ్ళే దాకా ఆగి, మిగిలిన మాతో చివరి మాట చెప్పారు.

"తీర్మానానికి రెండే వైపులుంటాయి. ఇరుసు బిగించడానికి రెండే దారులుండవు. అడ్డ స్ప్రింగు ఉంచుకుని కూడా ఇరుసుకి గట్టి కడ్డీలు బిగించొచ్చు. ఆ సంగతి నాకూ తట్టనేదు, మీకూ తట్టనేదు. ఎందుకంటే మనం ఎవరు గెలుస్తారా అని సూస్తున్నాం. ఇంక ఈ గదిలో నేను వాదించను. అడుగుతాను."

అన్నమాట నిలబెట్టుకున్నారు. ఊరు ఆయన్ని వెక్కిరించింది, గోవిందు చెప్పినట్టే నిమ్మకాయల కథ ఇంటింటికీ తిరిగింది. సభ చిన్నదైపోయింది. ఆయన మాత్రం ఆ ఎర్రటి అడ్డ స్ప్రింగును అలాగే ఉంచి, ఇరుసు నుంచి చట్రానికి నిచ్చెనల్లాంటి బలమైన కడ్డీలు రెండు బిగించారు. పైడమ్మత్త మళ్ళీ ఎక్కే ముందు ఆయన చేత కారును ఎత్తించి, ఎడమచేత్తో టార్చిలైటు పట్టుకుని ఒక్కో బిగింపూ చూపించమంది. "ఇదేటి? ఇది ఊడితే ఏటవుద్ది? అది ఊడకుండా ఏటి సేసినావు?" ఆయన కింద పడుకుని, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా జవాబు చెప్పారు. అన్నీ విన్నాకే ఆవిడ చీర సర్దుకుంది. తర్వాత చాలాకాలం ఆ తోట దారిలో ఇద్దరూ సాయంత్రాలు తిరిగారు. మాస్టారు పోయి ఇప్పటికి కొంతకాలమైంది. ఆయన మరణ వార్త కంటే ఆయన సభలో తప్పు ఒప్పుకున్న ఆ ఆదివారమే నన్ను ఎక్కువగా కుదిపిందని చెబితే ఆయన తప్పు పట్టరు.

నేను వాదించడం మానలేదు. మానకూడదు కూడా. మంత్రించిన బూడిద అమ్ముకుని బతికేవాళ్ళు ఈ దేశంలో ఇంకా మేడలు కడుతూనే ఉన్నారు. కాని చప్పట్లు మోగితే ఇప్పుడు నా మీద నాకే అనుమానం వస్తుంది. ఈ మధ్య ఒక సభలో బూడిద వైద్యం గురించి మాట్లాడి దిగాను. జనం బాగా నవ్వారు. మెట్ల దగ్గర ఒక ముసలమ్మ నన్ను ఆపింది. "నువ్వు సెప్పినావు గాని, నా మోకాలు ఆ బూడిద రాసినాకే తగ్గినాదమ్మా. అదెలాగ?" చుట్టూ ఉన్నవాళ్ళు నా మొహం వైపు ఆశగా చూశారు. జవాబు నా నాలుక చివరనే ఉంది. చురుకైన జవాబు. అంటే హాలంతా ఇంకోసారి ఘొల్లుమనేది, ఆవిడ తల వంచుకుని వెళ్ళిపోయేది.

నేనొక కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. "నాకు తెలీదు అవ్వా. నొప్పి ఎప్పుడు మొదలైంది? ఆ రోజుల్లో ఇంకేమైనా మార్చావా? మొదట్నుంచీ చెప్పు" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు కాసేపు చూసి, నవ్వడానికి ఏమీ లేదని తెలిసి వెళ్ళిపోయారు. ఆవిడ చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి తీసి, మోకాలు చూపించి, చెప్పడం మొదలుపెట్టింది.